నీరు పోతేనే వేపుడు

బెండకాయ వేపుడు జిగురుగా వస్తే కాయ ముదిరిందనో, నూనె చాలలేదనో అంటాం. నన్నడిగితే చాలాసార్లు తప్పంతా నీటిదే.

బెండకాయలోని జిగురు తడి తగిలిన కొద్దీ ఉబ్బి తీగలు సాగుతుంది. అందుకే ముందు కడిగి, పొడిబట్టతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి తరగాలి. కత్తికి కూడా తడి ఉండకూడదు. కొస విరిస్తే టక్కున విరిగే లేతకాయలే ఏరుకోవాలి, కూరగాయలమ్మి కసురుకున్నా సరే.

మూకుడు వెడల్పుగా ఉండాలి. పోపు వేగాక ముక్కల్ని పలచగా పరచాలి. గుట్టగా పోస్తే కింది ముక్కల ఆవిరికి పైవి ఉడికిపోతాయి. నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర. ముక్క పైన తడి ఉన్నంతసేపు వేడి అంతకు మించి పెద్దగా ఎక్కదు. అంచులు ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఈ ఎర్రబడే చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే దానికి స్థిరపడింది. మూత పెడితే ఆవిరి తిరిగి ముక్కల మీదే పడుతుంది. దాంతోపాటు కూరలోని పులుపూ బయటికి పోక, ఆకుపచ్చ రంగు బురదరంగుకు తిరుగుతుంది. అట్లకాడతో అస్తమానం కెలకడమూ పనికిరాదు. ముక్క కాసేపు ఇనుముకు అంటుకుని ఉంటేనే ఎర్రబడుతుంది.

ఉప్పు నీటిని బయటికి లాగుతుంది కనుక బెండకాయకు దాన్ని చివర్లోనే వేయాలి. కాకరకాయకు ఇది తలకిందులు. ముందే ఉప్పు పట్టించి పిండేస్తే నీటితో పాటు కొంత చేదూ పోతుంది. గోరుచిక్కుడుకు పీచు ఎక్కువ. దాన్ని ఉడికించి, నీళ్లు వార్చి, అప్పుడు వేయించాలి.

నా ఓటు మాత్రం దొండకాయకే. అంత ఓపిక అడిగే కాయ మరొకటి లేదు. నిలువుగా సన్నటి చీలికలు కోసి, సన్నసెగ మీద మూకుడులోని కూర సగానికి తగ్గేదాకా వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పెళ్లిభోజనాల్లో నిండా నూనెలో వేయించి జీడిపప్పు కలిపే దొండకాయ కరకరలాడుతుంది కానీ, అందులో కాయ రుచి వెతుక్కోవాలి.

దించే ముందు దంచిన వెల్లుల్లికారం వేసి రెండుసార్లు తిప్పితే చాలు. ముందే వేస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. కొందరు కొబ్బరికారం చల్లుతారు, రాయలసీమలో పప్పులపొడి. పక్కన పప్పుచారు ఉంటే ఇక వేరే కూర అక్కర్లేదు. వేడి వేపుడును గిన్నెలోకి తీశాక కూడా వెంటనే మూత పెట్టకండి. లోపల ఆవిరి పట్టిందంటే వడ్డించేలోగా మెత్తబడిపోతుంది.