రోగి నడక, కణం నడత

కీళ్లవాతం మీద వచ్చిన రెండు పరిశోధన వ్యాసాలను నేను పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటాను. ఒకటి 1949లో అమెరికాలోని మేయో క్లినిక్ పత్రికలో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, మరో ఇద్దరు కలిసి రాసినది. రెండోది 1994 లాన్సెట్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్‌ల బృందం లండన్ నుంచి వెలువరించినది. ఈ జబ్బు వెనకడుగు వేయగలదని రెండూ చెబుతాయి. ఆ మాట దగ్గరికి వచ్చిన దారులే వేరు.

హెంచ్ దారి రోగి మంచం పక్కన మొదలైంది. 1929లో 65 ఏళ్ల రోగి ఒకాయన, పచ్చకామెర్లు వచ్చిన మర్నాటి నుంచి తన కీళ్ల నొప్పులు తగ్గాయని చెప్పాడు. వినేసి ఊరుకోదగ్గ మాటే. హెంచ్ ఊరుకోలేదు. అలాంటి రోగులను ఏళ్ల తరబడి వెతికాడు. గర్భిణుల్లోనూ నొప్పులు నెమ్మదించడం గమనించి 1938లో దానిమీద విడిగా ఒక వ్యాసం రాశాడు. కామెర్లలోనూ గర్భంలోనూ ఉమ్మడిగా పనిచేస్తున్నదేదో ఉందని నమ్మి దానికి ‘ఎక్స్ పదార్థం’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ వెతుకులాట చివరికి అడ్రినల్ గ్రంథుల నుంచి కెండాల్ వేరుచేసిన కార్టిసోన్ దగ్గరికి చేరింది. 1948 సెప్టెంబరు 21న 29 ఏళ్ల స్త్రీకి తొలి సూది వేశారు. మంచం దిగడమే గగనమైన మనిషి, వారం తిరిగేసరికి ఊళ్లోకి వెళ్లి దుకాణాలు తిరిగొచ్చింది.

1949 వ్యాసం 14 మంది రోగుల కథ. చీటీలు తీసినట్టు రోగులను విడదీసి, ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు ఉత్త సూది ఇచ్చి పోల్చిన పరీక్ష కాదది. ఆ లోటు హెంచ్‌కు తెలుసు. అందుకే శీర్షికలోనే ‘ప్రాథమిక నివేదిక’ అన్నాడు. మందు ఆపితే నొప్పి తిరిగొస్తుందనీ దాచలేదు. అయితే రోగులు మందుకు ముందు, తర్వాత ఎలా నడిచారో చూపే చలనచిత్రాన్ని ఆయనే సభల్లో ప్రదర్శించాడు. వ్యాసంలోని జాగ్రత్త మాటలను ఆ బొమ్మ మింగేసిందని నా అభిప్రాయం. 1950లోనే నోబెల్ వచ్చింది. ఉబ్బిన ముఖాలు, గుల్లబారిన ఎముకలు వెనకే వచ్చాయి.

లండన్ బృందం మొదట చూసింది గాజుపళ్లెంలోని కణాలను. రోగుల కీళ్లపొర కణాలను పెంచి, టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఇంటర్‌ల్యూకిన్-1 కూడా తగ్గుతుందని ఫియోనులా బ్రెనన్ మొదటి రచయితగా 1989లో చూపారు. తల దగ్గర తూము మూస్తే కింది కాలువలు ఎండినట్టన్నమాట. తర్వాత ఎలుకలు, ఆ తర్వాత 20 మంది రోగులు, చివరికి 1994లో 73 మంది. నాలుగు వారాల తర్వాత ఉత్త సూది వేసిన 24 మందిలో ఇద్దరికి మేలు కనిపించింది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును తక్కువ మోతాదులో తీసుకున్న 25 మందిలో 11 మందికి, ఎక్కువ మోతాదు తీసుకున్న 24 మందిలో 19 మందికి. ఆ ఇద్దరిని లెక్కగట్టారు కాబట్టే ఆ 19కి బరువు. హెంచ్ వ్యాసానికి లేని బలం ఇదే. కానీ ఈ పుటల్లో ఏ రోగీ లేచి నడవడు, అంకెలే నడుస్తాయి. పరిశోధన వ్యాసానికి అది నష్టం కాదనేవారున్నారు. నేను ఒప్పుకోను.

ఒక విషయంలో రెండూ ఒకటే. మందు చేసే చెరుపు బయటపడటానికి రోగులను గమనించిన ఆ కొద్దికాలం చాలదు. క్షయ క్రిములను గిరిగీసి కట్టడి చేయడంలో టీఎన్ఎఫ్‌కు పాత్ర ఉంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో 70 మందికి క్షయ వచ్చినట్టు 2001లో వెల్లడైంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ సూదికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి అయింది.

మెథోట్రెక్సేట్ అనే మందు తోడుంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ప్రభావం ఎక్కువకాలం నిలుస్తుందని మైనీ బృందమే 1998లో చూపింది. మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపించిన పరిశోధనలో నుంచి వచ్చింది. హెంచ్ తొలి సూదికి నెలన్నర ముందే, 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు.

రుజువు బలంలో 1994 వ్యాసానిదే పైచేయి. అది అడిగింది, జబ్బును నడిపించేదేమిటని. హెంచ్ అడిగింది, జబ్బు తనంతట తాను ఎందుకు తగ్గుతుందని. గర్భిణిని వదిలిన నొప్పి కాన్పయ్యాక మళ్లీ ఎందుకు పట్టుకుంటుందన్నదానికి వైద్యం ఇప్పటికీ పూర్తి జవాబు చెప్పలేదు. అందుకే ఈ రెంటినీ మూసేశాక నేను ఆ 1938 నాటి వ్యాసం తెరుస్తాను.