రాత్రి డ్యూటీ ముచ్చట

హైదరాబాద్ నుంచి చేవెళ్ల పోయే బస్సులో 'అప్పా' అని దిగేవాళ్లలో చాలామందికి అది ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీకి పొట్టిపేరన్న ధ్యాస ఉండదు. రాష్ట్రం విడిపోయింది. నిజాం కాలపు కొత్వాల్ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరు అకాడమీకి వచ్చింది. కూడలి మాత్రం అప్పాగానే మిగిలింది. చట్టం, కవాతు, తుపాకీ అకాడమీలో నేర్పుతారు. అదే రోడ్డు మీద మొయినాబాద్ దాటి, మర్రిచెట్ల నడుమ కనకమామిడి వైపు నైట్ రౌండ్స్ తిరిగే పోలీసుకు ఇంకో బడి ఉంది. అక్కడ పంతులు పాత హెడ్ కానిస్టేబుల్. పాఠం పేరు ముచ్చట.

ముచ్చట అంటే పొద్దుపోవడానికి చెప్పుకునేదనుకుంటాం. దాని కట్టుబడి చూస్తే ఆ మాట అనలేం. ఎఫ్ఐఆర్‌కు తేదీ, టైము ముఖ్యం. ముచ్చట చోటుతో మొదలవుతుంది: "గా మూలమలుపు కాడ మర్రి లేదా తమ్మీ..." వినేవాడు ఈ రాత్రే ఆ చెట్టు పక్క నుంచి పోవాలి. అందుకే ముందు చెట్టు వస్తుంది. తేదీ చాలాసార్లు రానే రాదు.

స్టేషన్లో జనరల్ డైరీ రాసేవాడికి జరిగిందంతా ముందే తెలుసు. ముచ్చట చెప్పేవాడు మాత్రం ఆనాడు తనకు తెలిసినంతే వినేవాడికి తెలియనిస్తాడు. ఇలాంటిదొకటి ఊహించుకోండి. రోడ్డు పక్కన బైకు పడి ఉంది, ఇంజన్ ఇంకా వేడిగా ఉంది, మనిషి లేడు. "నువ్వైతే ఏం జేస్తవ్?" బండి నంబరు చూస్తానంటాడు కుర్రవాడు. "నేను గూడ గదే జేసిన." హెడ్ టీ తాగుతాడు, తొందరపడడు. నంబరు రాసుకొని, వైర్లెస్ సెట్లో కంట్రోల్ రూముకు చెప్పి తిరిగేసరికి ఊడల చాటు నుంచి మూలుగు. "పది నిమిషాలు పోయినయ్. గప్పటి సంది బండి కనబడితే ముందుగాల టార్చి పొదల్లకు కొడ్త."

ఆ టీ గుక్క ఉత్తిది కాదు. కుర్రవాడు మనసులో అదే తప్పు చేయడానికి చాలినంత సేపు అది. ఈ విద్యలో నన్ను కదిలించేది ఇంకొకటుంది: చెప్పేవాడు తన తప్పును కథ నడుమ పెట్టుకోవడం. కాగితం మీద తప్పు ఒప్పుకుంటే మెమో వస్తుంది. కింది ఉద్యోగికి తన పొరపాటు చెప్పుకునే చోటు ముచ్చట తప్ప మరొకటి దాదాపు లేదు.

పోలీసు కథలు నియమాలు నేర్పవు, చూపు నేర్పుతాయని పరిశోధకులు క్లిఫర్డ్ షియరింగ్, రిచర్డ్ ఎరిక్సన్ 1991లోనే రాశారు. క్యాంటీన్లో మాట్లాడినట్టే పోలీసు రోడ్డు మీద నడుచుకుంటాడని అనుకోవద్దని 1999లో మరో పరిశోధకుడు వాడింగ్టన్ హెచ్చరించాడు. రెండూ నిజమే అనిపిస్తుంది నాకు. కాని మాట చేతల్లోకి రాదన్న భరోసాతో ప్రతి ముచ్చటనూ వదిలేయలేం.

ఎందుకంటే హద్దురాయి చూపించి పని తప్పించుకున్న నేర్పును మెచ్చుకునే ముచ్చట కూడా ఉంటుంది. 2019 నవంబరులో సైబరాబాద్ కమిషనరేట్లో, యువతిపై అత్యాచారం, హత్య జరిగిన 'దిశ' కేసులో, పరిధి పేరుతో ఫిర్యాదు తీసుకోవడం ఆలస్యమైందని ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం, పరిధితో పనిలేకుండా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్‌ను నేరుగా రాసిపెట్టింది. చట్టం మారిన రోజే ముచ్చట మారదు. నేరస్థ తెగగా ముద్రపడ్డ ఎరుకలవాళ్లను ఉంచిన స్టూవర్టుపురం చూడండి. నేరస్థ తెగల చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది. ఆ ఊరి పేరు చెబితే అనుమానంగా చూడటం మాత్రం తరాలపాటు పోలేదు. అక్కడి ఎరుకలవాళ్ల పిల్లలు తాము పుట్టకముందటి కథల బరువు మోశారు. చెప్పేవాడి తప్పు లేకుండా, 'వాళ్లంతా ఇంతే' అని ముగిసే కథ వినబడితే పక్కనున్న పెద్ద అక్కడే ఆపాలి. ఆపగలిగింది కూడా ఆయనే.

అన్ని ముచ్చట్లూ నేర్పడానికే కావు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని ప్రాణాలు పోయాయి. అలాంటి చోట శవపంచనామా రాసిన చెయ్యి ఇంటికెళ్లి అన్నం కలపలేదు. ఇంట్లో చెప్పలేనిది తోటి సెంట్రీకి చెప్పుకుంటారు. అప్పుడు మెలిక ఉండదు, ప్రశ్న ఉండదు. వినేవాడు ఊ కొడితే చాలు.

ఆ రోడ్డును ఇప్పుడు వెడల్పు చేస్తున్నారు. కొన్ని మర్రులను పెకలించి వేరే చోట నాటాలని నిర్ణయించారు. ఇక మీద ఆ మూలమలుపు ముచ్చట, "ఈడ ఒక మర్రి ఉండె తమ్మీ" అని మొదలవ్వాలి.