పుట్ట జాడ తెలిసినవాళ్లు

నాలుగు మంచి వానలు పడ్డాయంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పార్కుల గడ్డిలోనూ ఖాళీ ప్లాట్లలోనూ తెల్లటి గొడుగులు లేస్తాయి. ఈ కాలనీల్లో ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు ఆ తెలుపు కనబడితే నోరూరుతుంది. ఆ ఆశ నాకూ ఉంది. అయితే ఊళ్లో నేర్చిన విద్య ఇక్కడి నేల మీద పనిచేయదని గట్టిగా చెప్పాలి.

ఎందుకంటే ఆ విద్యలో సగం పుట్టను ఎరగడమే. మనవాళ్లు ఇష్టంగా తినే పుట్టగొడుగు చెదల సాగు. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి భూమి లోపల తేనెపట్టులాంటి అరలు కట్టి, వాటి మీద బూజు పెంచుకుని తింటాయి. నేల తడిసినప్పుడు ఆ బూజే గొడుగై పైకి వస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని టెర్మిటోమైసిస్ అంటారు. ఈ పొత్తు వయసు సుమారు 3 కోట్ల ఏళ్లు. చెదలు లేకుండా దీన్ని షెడ్డులో పండించి అమ్మడం ఇప్పటికీ కుదరలేదు. ప్యాకెట్లలో దొరికే బటన్ పుట్టగొడుగు వేరే జాతి.

అందుకే తెలిసినవాళ్లు ముందు పుట్టను చూసుకుంటారు. ఏ పుట్ట ఏ కార్తెలో పూస్తుందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. తెల్లవారుతూనే వెళ్తారు, ఎండెక్కితే గొడుగు విప్పుకుని పురుగు పడుతుంది కాబట్టి. కాడ పట్టి లాగరు. చుట్టూ మట్టిని పుల్లతో తొలిచి చూస్తారు. టోపీ నడుమ మొన తేలి ఉండాలి, కాడ వేరులా సన్నబడుతూ చెదల గూటి వైపు లోతుగా దిగాలి. కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు కనిపిస్తే ముట్టుకోరు, అది విషపు అమానిటా కావచ్చు. గూటిని మాత్రం ఎవరూ తవ్వరు. అది ఉంటేనే వచ్చే ఏడూ పంట.

ఇప్పుడు ఎల్బీనగర్‌కు వద్దాం. ఇక్కడ నేల చాలావరకు సిమెంటు కిందికి పోయింది, లేదా లారీల్లో తెచ్చి పోసిన మట్టి. మిగిలిన పుట్టలకు నాగుల చవితి నాడు పాలు పోస్తారు, వాటి జోలికి పోరు. పక్కనే వనస్థలిపురంలో 1975లో ఏర్పడ్డ హరిణ వనస్థలి దాదాపు 3,600 ఎకరాలు. అది కృష్ణజింకల జాతీయ పార్కు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడి నుంచి అనుమతి లేకుండా ఏమీ తేకూడదు, తేవద్దు కూడా.

ఇక మిగిలింది పార్కు గడ్డి. అక్కడ లేచేది చాలాసార్లు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తెల్లటి టోపీ మీద గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం ఉంటాయి, ముదిరితే అడుగు రెక్కలు ఆకుపచ్చగా మారతాయి. తిన్న కొన్ని గంటలకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అమానిటాల్లో కొన్ని ఇంతకన్నా ప్రమాదం. వాటి విషం ఉడికినా పోదు. బాధ ఆరు గంటల తర్వాతగానీ మొదలు కాదు, నడుమ తగ్గినట్టుండి రెండు మూడు రోజుల్లో కాలేయం దెబ్బతింటుంది. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనీ, పురుగు తింటే మనమూ తినొచ్చనీ చెప్పే పరీక్షలు నమ్మకండి, అవి ప్రాణాలు తీశాయి. పైగా పుట్టగొడుగులు నేలలోని సీసాన్ని, కాడ్మియాన్ని పీల్చుకుంటాయి. సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగినా రోడ్డు పక్కన పాత మట్టి అలాగే ఉంది.

కాబట్టి నగరంలో చూసి వదిలేయండి. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో సొంత ఊరికి వెళ్లి, పుట్టలు ఎరిగిన పెద్దల వెంట నడవండి, పిల్లల్ని తీసుకెళ్లండి. తెచ్చినవి ఆ రోజే వండాలి. మట్టి పోయేలా కడిగి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగాక వేస్తే వాటి నీళ్లలోనే ఉడుకుతాయి. పైన కొత్తిమీర, పక్కన జొన్నరొట్టె.