ఖాళీ గ్రహాల మీద పెళ్లి చట్టాలు

ఇంగ్లీషు పాకెట్ ప్రేమ నవలల్ని దళిత విమర్శ పట్టించుకోవాల్సిన పనేముందని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మన కథలూ, మన పాటలూ, మన పెద్దల జ్ఞాపకాలూ ఇంకా సేకరించాల్సినవి బోలెడుండగా అమెరికా వాళ్ల గాలి కబుర్లతో మనకేం పని అనేది వాళ్ల అభ్యంతరం. అందులో న్యాయం లేకపోలేదు. అయితే ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటోళ్లకి, ఇంగ్లీషు రావాలంటే ముందు తేలికపాటి నవలలు చదవండని సలహా చెప్పినవాళ్లే ఎక్కువ. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవీ, హాస్టల్ గదుల్లో చేతులు మారి అట్టలూడినవీ చదివే మాలో చాలామందికి ఇంగ్లీషు వాక్యం పట్టుబడింది. వాక్యంతో బాటు ఇంకేం పట్టుబడిందో చూసుకోవాలి గదా.

ఇక్కడ మేం తీసుకుంటున్నది ఆ నవలల్లో ఒక చిన్న శాఖని. భవిష్యత్తులో భూమి వదిలిపోయిన మనుషులు వేరే గ్రహాలని ఆక్రమించి సమాజాలు కట్టుకుంటారు. ఆ సమాజాల్లో మనుషులకి పుట్టుకతోనే మనోశక్తులుంటాయి. అలాంటి ఇద్దరి ప్రేమకథ ఇది. జేన్ ఆన్ క్రెంట్జ్ 1986లో రాసిన 'స్వీట్ స్టార్‌ఫైర్' ఈ దారిలో తొలి నవలల్లో ఒకటి. ఆమే జేన్ కాజిల్ అనే పేరుతో సెయింట్ హెలెన్స్ గ్రహం మీద 'అమరిల్లిస్' (1996), 'జిన్నియా' (1997), 'ఆర్కిడ్' (1998) రాసింది. తర్వాత 'ఆఫ్టర్ డార్క్' (2000)తో మొదలుపెట్టి హార్మనీ అనే గ్రహం మీద డజనుకి పైగా నవలలు రాసింది. రాబిన్ డి. ఓవెన్స్ 'హార్ట్‌మేట్' (2001)తో సెల్టా గ్రహాన్ని మొదలుపెట్టింది. దానికి 2002లో అమెరికా రొమాన్స్ రచయితల రీటా బహుమతి కూడా వచ్చింది. ఇవేవీ గొప్ప సాహిత్యమని మేం అనడం లేదు. చదివించే గుణం మాత్రం ఉంది, అదేం చిన్న విషయం కాదు.

ఈ గ్రహాలు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. హార్మనీలో కర్టెన్ అనే ఒక శక్తిద్వారం గుండా భూమి మనుషులు వస్తారు. తర్వాత ఆ ద్వారం మూసుకుపోయి ఇక్కడే చిక్కుపడిపోతారు. వాళ్లకన్నా వేల ఏళ్ల ముందు ఎవరో గ్రహాంతరవాసులు ఆకుపచ్చ స్ఫటికంతో నగరాలూ భూగర్భ సొరంగాలూ కట్టి, ఎందుకో మాయమైపోయారు. మిగిలింది శిథిలాలే. వాటిని తవ్వడం, దొరికిన వస్తువుల్ని మ్యూజియాలకి చేర్చడం, అమ్ముకోవడం మీద ఒక ఆర్థిక వ్యవస్థే నడుస్తుంది. సొరంగాల్లో ప్రమాదకరమైన శక్తిగోళాల్ని అదుపుచేసే ఘోస్ట్ హంటర్లకి ప్రతి నగరంలోనూ ఒక గిల్డ్ ఉంటుంది. తవ్వుతున్నది ఎవరి నేల అని అడిగేవాడు ఆ గ్రహం మీద లేడు. సెల్టాలోనూ అంతే. మూడు ఓడల్లో వచ్చినవాళ్లకి భూమి దొరికింది, భూమికి హక్కుదారు దొరకలేదు.

ఇలా ఖాళీ చేయడం వల్ల రచయితకి ఏం లాభం? వలస కథలో రక్తం కనపడకుండా పోతుందనేది మొదటి జవాబు. ఇది చాలామంది చెప్పిందే, దీని మీద ఎక్కువసేపు ఆగం. మాకు ముఖ్యమనిపించిన రెండో లాభం ఒకటుంది. ఎదుటి జాతి లేకుండా చేస్తే పెళ్లి చట్టం అమాయకంగా కనిపిస్తుంది.

చూడండి, దారి మూసుకుపోయి, భూమి నుంచి తెచ్చిన యంత్రాలు పాడైపోయి, బతకడమే కష్టమైనప్పుడు కాజిల్ సృష్టించిన మూలపురుషులు గట్టిగా పట్టుకున్నది పెళ్లిని. కుటుంబం చెదిరితే వలస చెదురుతుందన్నారు. హార్మనీలో రెండు రకాల పెళ్లిళ్లు పెట్టారు. ఒకటి కొద్దికాలపు ఏర్పాటు, ఏడాదికోసారి తిరగరాసుకోవచ్చు. రెండోది కవనెంట్ మ్యారేజి, దాన్నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం. సెయింట్ హెలెన్స్‌లో ఇంకో అడుగు ముందుకుపోయి, మనోశక్తుల పొంతన చూసి జత కుదిర్చే పెళ్లి ఏజెన్సీలు పెట్టారు. అక్రమ సంతానం అనిపించుకోవడం అక్కడ జీవితాంతం వదలని మచ్చ. ఇది చదువుతూ మన ఆదివారం పేపర్లలో కులాలవారీగా వచ్చే పెళ్లి ప్రకటనలు గుర్తుకు రాని తెలుగు పాఠకుడుంటాడా? కానీ అంత తొందరపడి ఇక్కడికి దూకక్కర్లేదు. ఈ నవలలు పుట్టిన అమెరికా చరిత్రలోనే దీనికి మూలముంది.

వర్జీనియా వలసలో 1662లో ఒక చట్టం చేశారు. బిడ్డ బానిసా స్వతంత్రుడా అనేది తల్లి స్థితిని బట్టి ఉంటుందన్నారు. అంటే తెల్ల యజమానికి బానిస స్త్రీ కన్న బిడ్డ యజమాని ఆస్తి. 1691లో మరో చట్టం వచ్చింది. నల్లవాళ్లనో, మిశ్రమ సంతతి వాళ్లనో, మూలవాసులనో పెళ్లాడిన తెల్లవాళ్లని మూడు నెలల్లో వలస నుంచి వెళ్లగొట్టాలని. ఆ చట్టాల సంతతి అంతా పోవడానికి 1967లో లవింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సొచ్చింది. నిజమైన వలసల్లో మూలపురుషులు రాసిన పెళ్లి చట్టాలు ఇవి. ఎవరు ఎవర్ని చేసుకోకూడదో, ఎవరి బిడ్డ ఎవరి సొత్తో చెప్పిన చట్టాలు. కాజిల్ కల్పనలో ఆ 'ఎవరు' ఇద్దరూ లేరు. గీత మాత్రం మిగిలింది. అందుకే అది గీతలాగా కాక ఇంటి సంప్రదాయంలాగా అనిపిస్తుంది.

గీతకి అవతలివాళ్లు లేనప్పుడు గీత ఎవరి మధ్య? దీనికి జవాబు మనకి అంబేడ్కర్ దగ్గరుంది. 1916 మే నెలలో, కొలంబియా యూనివర్సిటీలో, పాతికేళ్ల వయసులో ఆయన చదివిన పత్రం కులానికి అసలు లక్షణం లోపలి పెళ్లేనని తేల్చింది. ఒక గుంపు తలుపులు మూసుకున్నాక ఆడామగా లెక్క సరిపోవాలి. భర్త పోయినావిడా, భార్య పోయినాయనా 'మిగులు' అవుతారు. ఆ మిగులు మనుషుల్ని ఏం చేయాలన్న దగ్గరే సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం పుట్టాయని ఆయన చూపించాడు. కర్టెన్ మూసుకోవడమంటే అక్షరాలా తలుపులు మూసుకున్న గుంపే. పుట్టుకల లెక్క, సంతానం మీద బెంగ (సెల్టాలో పిల్లలు పుట్టడమే తక్కువ), జత కుదిర్చే యంత్రాంగం, అన్నీ ఆ పత్రం చెప్పినట్టే వరసగా వస్తాయి. అంబేడ్కర్‌ని ఈ రచయిత్రులు చదివారని మేమనుకోవడం లేదు. తలుపులు మూస్తే లోపల మెట్లు మొలుస్తాయనేది కల్పనలో కూడా తప్పలేదని మాత్రం అంటున్నాం.

ఆ మెట్లకి ఈ నవలల్లో పేరు మనోశక్తి. సెయింట్ హెలెన్స్‌లో శక్తి ఉన్నవాళ్లని 'టాలెంట్' అంటారు. ఒకటి నుంచి పది దాకా తరగతులు. టాలెంట్‌కి తన శక్తిని నిలిపి వాడుకోవాలంటే 'ప్రిజమ్' అనే ఇంకో మనిషి తోడు కావాలి. ఈ పరస్పర ఆధారం అందంగానే ఉంది, 'అమరిల్లిస్'లో దాన్ని ప్రేమకథగా మలచిన తీరు నేర్పుగానే ఉంది. కానీ ఆ మాట విని మేం ఉలిక్కిపడ్డాం. 1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లమీద చీపుళ్లు పట్టుకుని, బూట్లు పాలిష్ చేసి చూపించిన వాళ్ల నోట్లో నలిగిన మాట కూడా అదే గదా, టాలెంట్, ప్రతిభ. అప్పుడు ఆ ప్రతిభ ఎక్కడుందో చూపించమంటే మార్కుల లిస్టు చూపించారు. మార్కుల వెనక తరాల చదువు, ట్యూషన్లు, తిండి ఉన్నాయని మనం వాదించగలిగాం. సెయింట్ హెలెన్స్‌లో ఆ వాదనకి చోటు లేదు. అక్కడ ప్రతిభ నిజంగానే ఒంట్లో ఉంది, తరగతి కట్టి చెప్పొచ్చు. రుజువు చేసుకోలేక కులం మూడు వేల ఏళ్లు శాస్త్రాల వెనక దాక్కుంది. ఈ నవల ఆ రుజువుని ఊరికే ఇచ్చేసింది. మా అసలు గొడవ ఇదే.

'హార్ట్‌మేట్'లో ఇది ఇంకా సూటిగా ఉంది. సెల్టాలో మనోశక్తిని 'ఫ్లెయిర్' అంటారు. వలస ఓడలకి డబ్బు పెట్టినవాళ్ల వారసులే పై మెట్టు మీది ప్రభు కుటుంబాలు. పెట్టుబడి కాస్తా రక్తంలో శక్తి అయ్యింది! కథానాయకుడు టి'యాష్ అలాంటి కుటుంబంలో పుట్టి, శత్రువుల చేతిలో ఇల్లంతా నాశనమై, డౌన్‌విండ్ అనే మురికివాడలో పెరిగినవాడు. కథానాయిక డానిత్ మాలో అనాథాశ్రమంలో పెరిగిన మామూలు మనిషి. మురికివాడ ఉంది, అనాథ ఉంది, గొప్పింటి కుర్రాడు ఆమె వెంట పడ్డాడు. ఇక మెట్టు విరుగుతుందనుకుంటాం. విరగదు. డానిత్‌కి పరీక్ష పెడితే ఆమెలో గొప్ప ఫ్లెయిర్ ఉందని తేలుతుంది. అంటే అతను కిందికి రాలేదు, ఆమె మొదట్నుంచీ పైదే, తెలియలేదంతే. గుడిసెలో పెరిగిన హీరోయిన్ చివరి రీల్లో జమీందారు కూతురని తేలే సినిమాలు మనమెన్ని చూడలేదు! అక్కడ పుట్టుమచ్చ, ఇక్కడ ఫ్లెయిర్.

పైగా 'హార్ట్‌మేట్' అన్న ఊహే చూడండి. ఒక మనిషికి ఆత్మ రీత్యా జత ముందే రాసిపెట్టి ఉంటుంది. అది మనకి తెలిసిన జాతకమే. కులాంతర ప్రేమ మన దగ్గర యుద్ధం కావడానికి కారణం అందులో ఎంపిక ఉండటం. ఫలానా వాణ్ణి నేనే కోరుకున్నాను అని ఒక ఆడపిల్ల చెప్పడం. ఈ నవలలో ఆ మాటకున్న పదును పోయింది. కోరుకున్నది ఆమె కాదు, ఆమె రక్తంలోని శక్తి.

ఇంత చెప్పాక కూడా ఈ వరసలో ఒక పుస్తకాన్ని మన విద్యార్థులు తప్పక చదవాలంటాం. ఓవెన్స్ రాసిన 'హార్ట్ థీఫ్' (2003). రూయిస్ ఎల్డర్ గొప్పింట్లోనే పుట్టాడు, కానీ 'నల్'. అంటే అతనికి ఫ్లెయిర్ లేదు. అంతకన్నా ఘోరం, అతను దగ్గరికొస్తే అవతలివాళ్ల ఫ్లెయిర్ పనిచేయదు. మనుషులు అతన్ని చూసి తప్పుకుంటారు. బాబాయి వారసత్వం లాక్కుని హింసించాడు. చివరికి బహిష్కరణ. పీష్వాల పూనాలో మన నీడ పడకూడదని చేసిన కట్టడి గురించి అంబేడ్కర్ రాసింది చదివినవాళ్లకి ఈ పేజీలు వేరే గ్రహం మీద జరుగుతున్నట్టుండవు. రూయిస్ పాతకాలపు భూమి యంత్రాల్ని బాగుచేసుకుంటూ బతుకుతాడు. వలసవాళ్లు వచ్చిన ముసలి ఓడ 'న్యూడాస్ స్వోర్డ్'లో తలదాచుకుంటాడు. ఊరికి పనికిరానివాడు యంత్రానికి అవసరమైనవాడు అయ్యాడు. ఇది ఓవెన్స్‌కి తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ, ఆధునికత దళితుడికి ఇచ్చిన చోటుని బాగా పట్టుకుంది. ఊళ్లో తాకకూడనివాణ్ణి మిల్లూ రైలూ తాకనిచ్చాయి.

అతన్ని ప్రేమించే ఐలిమ్ న్యాయమూర్తి. ఇతరుల ఆలోచనలు వద్దన్నా ఆమె తలలోకి వచ్చిపడతాయి. రూయిస్ పక్కన ఉంటేనే ఆమెకి నిశ్శబ్దం. అందరికీ మైల అయినవాడి స్పర్శ ఒకామెకి విశ్రాంతి అవుతుంది. ఇది ఓవెన్స్ నవలల్లో మాకు నిజంగా నచ్చిన ఒకే ఒక్క మలుపు. ఎందుకంటే ఇక్కడ దాచిన శక్తి ఏదీ బయటపడి అతన్ని పైకి లేపదు. అతను నల్‌గానే ఉండి ప్రేమ పొందుతాడు.

అయినా చిక్కు చిక్కుగానే ఉంది. మన నీడ ఎవర్నీ ఏమీ చేయలేదు. చేస్తుందని చెప్పింది అబద్ధం, ఆ అబద్ధం మీద ఊరు కట్టారు. రూయిస్ నీడ మాత్రం నిజంగానే నష్టం చేస్తుంది. కాబట్టి అతన్ని దూరంగా పెట్టినవాళ్లు క్రూరులే గానీ, అబద్ధాలకోర్లు కారు. మైలని భౌతిక శాస్త్రం చేశాక ఇక మిగిలేది దయ గురించిన కథే, న్యాయం గురించిన కథ కాదు.

ఆడవాళ్లు ఇష్టపడి చదివే సాహిత్యాన్ని మగ విమర్శ ఎప్పుడూ ఇలాగే తీసిపారేస్తుందని ఒక ఆక్షేపణ రావచ్చు. అది ఆలోచించాల్సిందే. జానిస్ రాడ్‌వే 1984లో, ఇంటి చాకిరీ మధ్య తమకంటూ ఒక గంట మిగుల్చుకోవడానికి స్త్రీలు ఈ నవలలు చదువుతారని వివరించింది. క్రెంట్జ్ కూడా తోటి రచయిత్రుల వ్యాసాలతో 1992లో ఒక సంకలనం తెచ్చి, ఈ కథల్లో చివరికి గెలిచేది స్త్రీయేనని వాదించింది. మేం కాదనం. ఏ స్త్రీ అనేదొక్కటే మా ప్రశ్న. ఆ గంట దొరికిన గృహిణి ఇంట్లో అంట్లు తోమే స్త్రీ ఆ కథలో ఎక్కడుంది?

రొమాన్స్ నవల మొదటి పేజీలోనే పాఠకురాలికి ఒక హామీ ఇస్తుంది, ఇద్దరూ బతుకుతారు, కలుస్తారు అని. ఆ హామీ విలువేంటో మన నేల మీద తెలుస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఒక దళిత యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆస్పత్రి బయట నరికించారు. ఆమె తనకి నచ్చినవాణ్ణి చేసుకోవడమే కారణం. సుఖాంతం కోరుకోవడాన్ని ఎగతాళి చేసే హక్కు మనకి లేదు. ఆ సుఖాంతం అమ్మాయి ఎంపిక మీద నిలబడాలని, రక్తపరీక్ష మీద కాదని మాత్రం అడగొచ్చు.

ఇదే సరుకుని బానిసల వారసురాలు చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో చూడాలంటే ఆక్టేవియా బట్లర్ దగ్గరికి పోవాలి. ఇళ్లల్లో పనిచేసిన తల్లి పెంచిన బిడ్డ ఆమె. 'సర్వైవర్' (1978)లో ఆమె కూడా ఒక వలస గ్రహం మీద కథ చెప్పింది, అక్కడి నాయకుడితో భూమి స్త్రీకి పెళ్లీ చేసింది. తర్వాత ఆ పుస్తకం మీద ఆమెకే ఏవగింపు కలిగింది. భూమి మనుషులు పోయేసరికి అక్కడ కొంచెం తక్కువరకం 'నేటివ్'లు ఎదురవడం పాత వలస కథేనని గుర్తించి, మళ్లీ అచ్చు వేయనివ్వలేదు. 'వైల్డ్ సీడ్' (1980)లో మనోశక్తులున్న మనుషుల్ని డోరో అనేవాడు శతాబ్దాల పాటు పశువుల్లా జతకట్టించి సంతానం పెంచుతుంటాడు. కాజిల్ పెళ్లి ఏజెన్సీ చేసే పని కూడా పొంతన చూసి జత కుదర్చడమే. బట్లర్ దాన్ని బానిస వ్యాపారం నడుస్తున్న కాలంలో, 1690లో మొదలుపెట్టింది. అందుకని ఆ పని అసలు పేరు దానికి వచ్చింది. ఆన్యాన్వు అనే ఇగ్బో స్త్రీ డోరోని చంపలేదు, వదిలించుకోనూ లేదు. చివరికి తన చావునే పణంగా పెట్టి అతన్ని కొన్ని షరతులకి ఒప్పిస్తుంది. వాటిలో ఒకటి, తన పిల్లల్ని అతను ఇక వేటాడకూడదని.