ఉత్తరం నుంచి వాయిస్ మెసేజ్ వరకు: ఇంట్లో స్త్రీ గొంతు - ఒక పరిశీలన

1. ప్రవేశిక

సెల్‌ఫోన్ రాకతో ఉత్తరాల సంస్కృతి నశించిందని, కుటుంబంలో మాటలు కరువయ్యాయని మన వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ ఉత్తరం ఇంట్లో ఎవరి చేతిలో ఉండేదన్న ప్రశ్న మాత్రం ఈ విమర్శలో అంతగా వినిపించదు. వాట్సాప్‌లో 2013 నుంచి ఉన్న వాయిస్ మెసేజ్‌ను, చదువురాని స్త్రీల వైపు నుంచి ఉత్తరంతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఉత్తరం: రాసే చేయి

తెలుగు ఉత్తరానికి సంబోధన నుంచి సంతకం వరకు స్థిరమైన చట్రం ఉండేది. పెద్దవయసు స్త్రీకి రాసేటప్పుడు ముత్తైదువ అయితే ‘మహాలక్ష్మీ సమానురాలు’, భర్త పోయినామె అయితే ‘గంగాభాగీరథీ సమానురాలు’ అనేవారు. ‘ఉభయకుశలోపరి’ కంటే ముందే ఆమె వైవాహిక స్థితి కాగితం మీదికెక్కేది. అక్షరం రాని తల్లి చెబుతుంటే బడికెళ్లే పిల్లలో, ఊళ్లో చదువుకున్నవారో రాసేవారు. ఆమె మాండలికం రాతభాషగా మారిపోయేది. కోడలి మీద కోపమైనా, కూతురి మీద బెంగైనా రాసేవారి ముందు చెప్పదగినంత మేరకే బయటికి వచ్చేది.

3. వాయిస్ మెసేజ్: పలికే గొంతు

జగిత్యాల ప్రాంతపు తల్లి గల్ఫ్‌లోని కొడుక్కి పంపే సందేశం ‘కొడుకా, తిన్నవా?’ అని మొదలవుతుంది. అందులో లాంఛనాలు లేవు, దిద్దుబాటు లేదు. నిట్టూర్పు కూడా చేరుతుంది. వాల్టర్ ఆంగ్ 1982 నాటి గ్రంథంలో చర్చించిన ద్వితీయ మౌఖికత రాత మీద, అచ్చు మీద ఆధారపడినది. ఈ తల్లి మాట మాత్రం రాత గుండా రాకుండానే దూరం దాటుతోంది. కనుక ఆ భావనను ఇక్కడ యథాతథంగా అన్వయించలేం.

4. ఫోను ఎవరిది?

అయినా దీన్ని విముక్తిగా ప్రకటించడం తొందరపాటే. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019లో సేకరించిన వివరాల ప్రకారం, 15-49 ఏళ్ల వారిలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21.0 శాతం, తెలంగాణలో 26.5 శాతం, పురుషులు వరుసగా 48.8, 57.4 శాతం. ఉత్తరాలు రాయించుకున్న తరం ఈ వయోపరిమితికి వెలుపలే ఉండిపోయింది.

ఫోను మనవడిదైతే ఆమె మాట అతని ఎదుటే రికార్డవుతుంది, జవాబు నలుగురూ వింటుండగా మోగుతుంది. కుటుంబ గ్రూపులో అయితే ఒకరికి చెప్పిన మాట అందరికీ చేరుతుంది. రాసిపెట్టేవారి అవసరం తీరినా, ఫోను తెరిచి ఇచ్చేవారి అవసరం మిగిలే ఉంది. చాటు మాట ఆమెకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

5. ముగింపు

ఇంట్లో డిజిటల్ మాధ్యమాన్ని అంచనా వేయడానికి ఎంతసేపు చూస్తున్నారన్న లెక్క చాలదు. పరికరం ఎవరిది, ఎవరి సమక్షంలో మాట్లాడుతున్నారు అన్నవి ముఖ్యం. తీగకు గుచ్చి దాచిన ఉత్తరాలు కొన్నయినా మిగిలాయి. ఫోను మారితే ఈ గొంతులు చెరిగిపోవచ్చు. మాట్లాడినవారి అనుమతితో వీటిని సేకరించడం మాండలిక పరిశోధకులు ఆలస్యం చేయకూడని పని.