యాకోబు పత్రికకు రెండు వ్యాఖ్యానములు

క్రొత్త నిబంధనలోని యాకోబు పత్రిక అయిదు అధ్యాయముల చిన్న రచన; మొత్తము 108 వచనములు. యేసు నామము అందు రెండుమారులు మాత్రమే కనిపించును. సిలువను గూర్చి గాని పునరుత్థానమును గూర్చి గాని వివరణ లేదు. వానికి మారుగా బంగారు ఉంగరముతో సభకు వచ్చిన ధనికుడు, మాసిన బట్టలతో మూల నిలిచిన దరిద్రుడు, కూలి అందని కోతకాండ్రు, అదుపు తప్పిన నాలుక మొదలగు నిత్యజీవిత దృశ్యములే అందు నిండియున్నవి. 1522లో తన జర్మన్ అనువాదమునకు పీఠిక వ్రాసిన మార్టిన్ లూథరు ఈ పత్రికను గడ్డితో పోల్చెను. విశ్వాసము చేతనే మనుష్యుడు నీతిమంతుడగునని పౌలునుండి గ్రహించిన వానికి, క్రియలు లేని విశ్వాసము మృతమని చెప్పు గ్రంథము రుచింపకపోవుట సహజమే.

నాటినుండి ఈ పత్రికపై జరిగిన వాదమంతయు విశ్వాసము, క్రియ అను రెండు పదముల చుట్టునే తిరిగినది. మూడవ పదమును పండితులు చాలవరకు ప్రక్కకు నెట్టిరి. అది జ్ఞానము. పత్రిక మొదటి అధ్యాయముననే, జ్ఞానము కొదువగా ఉన్నవాడు దేవుని అడుగవలెనని యాకోబు ఉపదేశించును. మూడవ అధ్యాయమున జ్ఞానమును రెండుగా విడదీసి, అసూయతోను కలహముతోను కూడినది ఒకటి, సమాధానమును సాత్వికమును గలది మరియొకటి అని చెప్పును. వస్త్రము లేని సోదరుని తీపిమాటలతో సాగనంపుట తప్పని అందరును ఒప్పుకొందురు. కాని ఆతనికి ఏమి ఇయ్యవలెను, ఎప్పుడు ఇయ్యవలెను, ఇచ్చి ప్రతిగా ఏమి అడుగరాదు అను ప్రశ్నలకు దయ ఒక్కటియే ఉత్తరము చెప్పజాలదు. ఐరోపాలో ఇది వేదాంతచర్చగా మిగిలినది. భారతదేశములో భూమి వ్యాజ్యముగాను, కరవునాటి కూలిగాను ఎదురుపడినది. ఇచ్చట ఈ పత్రికకు ఉత్తమ వ్యాఖ్యానములు వ్రాసినవారు వ్యాఖ్యాతలు కారు.

జంషెడ్‌పూర్ ప్రక్కనున్న గోవింద్‌పూర్ నేడు కార్మికుల నివాసము. సమీపమున 1945లో స్థాపితమైన టెల్కో కర్మాగారము, దానిని ఆశ్రయించుకొని పెరిగిన చిన్న పరిశ్రమలు, ఉపాధికై పలు రాష్ట్రములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు దాని లోకము. ఆ ఉక్కు నగరమునకు తెలుగువారు కూడ తరతరములుగా వలసపోయి అక్కడివారైరి. కాని ఈ నేల కొలిమికంటె పాతది. ఇది ఛోటానాగపూర్ పీఠభూమికి అంచు. ఇచ్చటనుండి రాంచీవరకు గల అడవులలోను పల్లెలలోను హో, ముండా, సంతాల్, ఉరావ్ మొదలగు జనులు తమ పూర్వులు అడవి నరికి సాగుచేసిన భూములపై హక్కు కలవారై జీవించిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఆ హక్కు జమీందారుల చేతిలోను, వడ్డీవ్యాపారుల చేతిలోను, వారి భాష ఎరుగని కచేరీల చేతిలోను కరగిపోయెను. గోస్నర్ మిషన్ వారు 1845లో రాంచీ చేరిననాటినుండి క్రైస్తవ బోధకులు ఈ దుఃఖమును చూచుచునే ఉండిరి. చూచుట వేరు, దానికి తగిన పని యేదో తెలిసికొనుట వేరు.

1885లో వచ్చిన బెల్జియన్ జెసూట్ గురువు కాన్‌స్టంట్ లీవెన్స్ ఆ పని యేదో మొదట గుర్తించిన వారిలో ముఖ్యుడు. తోర్పా గ్రామమున నిలిచి, కౌలు చట్టములు చదివి, వెట్టిచాకిరికిని అక్రమమైన శిస్తునకును ఎదురుగా రైతుల పక్షమున వ్యాజ్యములు నడిపించెను. వేలకొలది జనులు ఆయన వెంట నడచి మతము పుచ్చుకొనిరి. ఇందు విశ్వాసమునకు కొదువ లేదు, క్రియకును కొదువ లేదు. క్షయరోగముతో 1892లో స్వదేశమునకు మరలి, మరుసటి యేడు ముప్పదియేడేండ్ల వయస్సున ఆయన మరణించెను. ఆయన వెడలిన పిమ్మట చేరినవారిలో అనేకులు జారిపోయిరి. న్యాయస్థానములో గెలుపు ఆశించి వచ్చినవారు ఓటమి చూచి వెనుదిరిగిరనుటలో ఆశ్చర్యము లేదు. అది వారి దోషమని వ్రాసిన చరిత్రకారులు కలరు. వ్యాజ్యమును జ్ఞానస్నానమును ఒకే గుమ్మమున నిలిపినప్పుడు, ఏ వస్తువుకై వచ్చితివని వచ్చినవానిని నిందించుట న్యాయము కాదు.

ఈ నిరాశకు అగ్ని రూపము బిర్సా ముండా. జంషెడ్‌పూర్‌కు దూరము కాని చాయిబాసాలో, జర్మన్ మిషన్ పాఠశాలలో ఆయన బాల్యమున చదివెను. తరువాత మిషన్‌ను విడిచెను. మిషనరీలును దొరలును ఒక్కటే అను భావము ఆయన అనుచరులలో ఊరక పుట్టలేదు. 1899 డిసెంబరులో తిరుగుబాటు లేచినప్పుడు బాణములు తాకిన చోట్లలో సర్వదాలోని కాథలిక్ మిషన్ ఒకటి. 1900 జూన్ 9న బిర్సా రాంచీ కారాగారములో కన్నుమూసెను.

సర్వదాలో ఆనాడున్న జర్మన్ జెసూట్ గురువు జాన్ హాఫ్‌మన్ కథ ఇచ్చటనే మలుపు తిరుగును. తిరుగుబాటును ఆయన సమర్థింపలేదు, గట్టిగా వ్యతిరేకించెను. అయినను ఆ బాణము ఎచ్చటనుండి వచ్చెనని విచారించుటలో తన పదవిని గాని అహమును గాని అడ్డు పెట్టుకొనలేదు. ముండారీ భాషను నేర్చి, 1903లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించెను. ముండాల భూమి పద్ధతిని, గ్రామమును నెలకొల్పిన వంశమువారి ఉమ్మడి హక్కును, అధికారులకు అర్థమగునట్లు వివరించుటకు లిస్టర్ అను ఉద్యోగితో కలిసి ఒక నివేదికను వ్రాసెను. 1908 ఛోటానాగపూర్ కౌలు చట్టములో ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండ కట్టుబాట్లు ఏర్పడుటలో ఈ కృషికి గణనీయమైన పాలు కలదు. 1909లో ఆయన కాథలిక్ సహకార పరపతి సంఘమును స్థాపించెను. రైతు తన కొద్దిపాటి సొమ్మును తానే కూడబెట్టి, తనవారికే అప్పిచ్చి, వడ్డీవ్యాపారి గడప తొక్కకుండుట దాని లక్ష్యము.

లీవెన్స్ పనికిని హాఫ్‌మన్ పనికిని గల తేడా ఇచ్చట గమనింపదగినది. లీవెన్స్ రైతు ప్రక్కన నిలిచి రైతునకు మారుగా పోరాడెను. హాఫ్‌మన్ తాను లేనప్పుడును నిలువగల వస్తువులను నిర్మింపజూచెను. మొదటిది ధైర్యము, రెండవది యాకోబు చెప్పిన జ్ఞానమునకు సమీపమైనది. 1915లో శత్రుదేశపు పౌరుడని ప్రభుత్వము హాఫ్‌మన్‌ను దేశమునుండి పంపివేసినప్పుడు ఈ భేదము పరీక్షకు నిలిచెను. మనిషి పోయెను, చట్టము, సంఘము మిగిలెను. ఆయన సంకల్పించిన ముండారీ విజ్ఞానసర్వస్వము 1928లో ఆయన మరణించిన పిదప, వాన్ ఎమెలన్ మొదలగువారి తోడ్పాటుతో సంపుటములుగా వెలువడెను. ఒక మాటకు అర్థము చెప్పబూని దాని చుట్టునున్న పంట, పండుగ, పెండ్లి, అంత్యక్రియ అన్నిటిని వర్ణించు ఆ గ్రంథమును మతప్రచార సాహిత్యమని కొట్టివేయువాడు దానిని తెరచి చూడనివాడు.

అయితే హాఫ్‌మన్ జ్ఞానమునకును హద్దులు కలవు. సంఘము పేరులోని కాథలిక్ అను పదము ఒక గోడ. అదే వడ్డీవ్యాపారికి బాకీపడిన పొరుగు సర్నా మతస్థుడు గోడకు ఆవలనే నిలిచెను. చట్టముపై ఆయన ఉంచిన నమ్మకము మరీ అమాయకమైనదని కూడ చెప్పవచ్చును. వడ్డీవ్యాపారిని అడ్డగించిన చట్టము గనులను కర్మాగారములను అడ్డగింపలేదు. ఆ అవసరములకై భూమి సేకరించు దారులు తెరచియే ఉండెను. ఉక్కు నగరము ఆ దారినే వచ్చినది. అయినను ఆ చట్టము కాగితముగా మిగిలిపోలేదని ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. 2016లో ఝార్ఖండ్ శాసనసభ దానిని సడలించుచు సవరణ చేయగా జనులు పెద్దయెత్తున ప్రతిఘటించిరి. గవర్నరు బిల్లును త్రిప్పి పంపగా, 2017లో ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొనెను.

కూలి బిగబట్టిన యజమానుని పొలమునుండి ఆ కూలియే మొరపెట్టునను యాకోబు ఊహ పొలము విడిచి కర్మాగారమునకు వచ్చిన జనులకు మరింత సూటిగా తగులును. 1949లో జంషెడ్‌పూర్‌లో జెసూట్‌లు స్థాపించిన జేవియర్ కార్మిక సంబంధముల సంస్థ ఆ అయిదవ అధ్యాయమునకు వ్రాసిన ఒక టిప్పణము వంటిది. అది నేడు యాజమాన్య విద్యకే ఎక్కువగా ప్రసిద్ధికెక్కుట టిప్పణము మూలమునుండి ఎంత దూరము పోగలదో చూపును.

రెండవ వ్యాఖ్యానము తెలుగుదేశపుది. అది హాఫ్‌మన్ కృషికంటె మూడు దశాబ్దములు ముందటిది, ఒక విధమున మరింత కఠినమైనది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ జీవితకథ సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్ అను పేర 1914లో, ఆయన మరణించిన నాలుగేండ్లకు ప్రకటితమయ్యెను. ఆయన చెప్పగా వ్రాసినది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. అమెరికాలో సామాజిక సువార్తకు ప్రధాన వక్తయైన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సోదరి. కావున పుస్తకములో రెండు గొంతులు వినిపించును. ఒకటి యౌవనమున భూమి కొలుచు పని నేర్చిన, సిద్ధాంతముల యెడ తొందర లేని క్లౌది. మరియొకటి ఆ పనులలో సమాజశాస్త్రమును చూచిన ఎమ్మాది. మొదటి గొంతు వినిపించిన చోటనే పుస్తకము బలముగా ఉన్నది.

1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టునకు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. ఉపదేశకులు మేస్త్రీలైరి. కొలత ఎరిగిన మనిషి కనుక పని లెక్కకు నిలిచెను. భిక్ష కాదు, కూలి, అంతవరకు లోకజ్ఞానము. అసలు నిర్ణయము వేరు. గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మము నిమ్మని అడిగినవారికి, కరవు తీరి సహాయము ఆగువరకు ఇయ్యనని ఆయన నిరాకరించెను. అన్నమునకై మతము పుచ్చుకొనిరను నింద తనపై పడునను భయము కొంత, వారి మాటను వారే పరీక్షించుకొనవలెనను పట్టుదల కొంత అందు కలిసియుండెను. ఏడాదికి పైగా ఆ గుమ్మము మూసియే ఉంచెను. లీవెన్స్ కలిపిన రెంటిని క్లౌ అంతకు ముందే విడదీసియుండెను. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఇచ్చువారు అప్పటికి తెలుగు ఉపదేశకులే.

ఇంత పెద్ద సంఖ్యను పుస్తకము అద్భుతముగా చూపదు. దానికి మూలము మాదిగపల్లెల కట్టుబాటులోనే ఉన్నదని చెప్పును. యోగము నేర్చిన గురుశిష్య సంప్రదాయమునుండి వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య, తన కులములో గల మర్యాదనే క్రొత్త బోధకు వాహనముగా చేసెను. ఈ విషయమును దాచకుండుట పుస్తకపు నిజాయితీ. అందలి లోపము వేరొక చోట కలదు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహమును పూజింపరాదు అను మూడు షరతులు క్లౌ విధించెను. అవి పల్లెలో మాదిగకు గల కొద్దిపాటి మిరాసీని, కళ్ళములో దొరకు గింజలను తెగగొట్టునని ఎరిగియే విధించెను. ఆ మూల్యమును చెల్లించినది ఆయన కాదు. పుస్తకము దానిని ధైర్యపరీక్షగా వర్ణించును. గింజలు పోయిన ఇంటిలో దానికి వేరు పేరుండును.

నిరాకరణకును మూల్యము కలదు. కూలి ఇచ్చిన చేతితోనే బాప్తిస్మమును నిలిపియుంచిన ఆ నెలలలో, అడిగి, కాచుకొని, జ్వరముతోనో ఆకలితోనో మరణించినవారు లేకుండ ఉండరు. వారు 2,222లో చేరరు. అట్టివారిని గూర్చి యాకోబు పత్రిక ఏమియు చెప్పదు. క్లౌ కూడ ఆ నదీతీరమునుండి వారివైపు తిరిగి చూచినట్లు కనిపింపదు.