వేసవి వానకు ఒక పంట

అనంతపురం ఎర్ర చెలకల్లో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. కరవు మాట వచ్చినప్పుడల్లా ఎంత కురిసిందని అడుగుతాం గానీ, నేల ఎంత తాగిందని అడగం. ఒక్క మిల్లీమీటరు వాన పడినా ఎకరానికి నాలుగు వేల లీటర్ల నీరు దిగినట్టే. మే నెలలో 20 మిల్లీమీటర్లు పడితే ఎనభై వేల లీటర్లు. వేరుశనగ పీకేశాక నెలల తరబడి ఎండకు మాడిన నేల మీద ఆ వాన పడినప్పుడు చినుకు దెబ్బకు పైమట్టి చెదిరి, సన్నటి రేణువులు నేల గుల్లను పూడ్చేస్తాయి. ఆరాక అట్ట కడుతుంది. తర్వాతి వాన ఆ అట్ట మీద జారి, మట్టిని వెంటబెట్టుకుని వాగులో కలుస్తుంది. ఇంకిన కాస్త నీరు పైపొరలోనే ఉండి, కొద్ది రోజుల్లో ఆవిరైపోతుంది. నేలను కప్పి ఉంచడానికి వేసే కప్పు పంట విలువ తేలాల్సింది ఇక్కడే. అది ఎలాగూ పోయే నీటిని వాడుకుంటోందా, అసలు పంటకు మిగలాల్సిన నీటిని తాగేస్తోందా?

మెట్ట రైతుకు నేలను కప్పి ఉంచడం కొత్త కాదు. వేరుశనగలో, జొన్నలో కంది, అలసంద సాళ్లు వేయడం, విత్తే అదును దాటిపోతే వెనక వచ్చే వానలకు ఉలవ చల్లడం పాత పద్ధతులే. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ తెలివిని వేసవిలోకి జరిపింది. తొలకరికి ముందే, పొడి దుక్కిలో, రకరకాల విత్తనాలు కలిపి చల్లుతారు. విత్తనాలకు బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టిస్తారు. చిరుజల్లుకు తొందరపడి మొలిచి మాడిపోకుండా ఆ పూత కొంత అడ్డుపడుతుంది, చీమల నుంచీ కాపాడుతుంది. కలపడంలోనూ లెక్క ఉంది. సజ్జ, జొన్నల పీచువేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ఉలవ, అలసంద నేల మీద పాకి నీడ పరుస్తాయి, వేరుబుడిపెల్లో నత్రజని నిలుపుతాయి. వీటిలో ఏదో ఒకటి ఎండకు ఓడినా మిగతావి నేలను ఖాళీగా వదలవు. తీరా ఎదిగాక ఏం చేస్తామన్నది అన్నిటికన్నా ముఖ్యం. మాగాణిలో జీలుగను, జనుమును కలియదున్నుతాం, అది కుళ్లడానికి అక్కడ నీళ్లుంటాయి. మెట్టలో కలియదున్నితే ఉన్న పదునూ దున్నకంతో పోతుంది. అందుకే పూతకు రాగానే కోసి, ఎంతో కొంత మోడును, ఆకును నేల మీదే పరచాలి.

దీన్ని గట్టిగా ప్రశ్నించే ఆధారాలు ఉన్నాయి, వాటిని పక్కన పెట్టకూడదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఆక్రన్ పరిశోధనా కేంద్రంలో, గోధుమకు ముందు బీడుగా ఉంచే పొలంలో కప్పు పంటలు వేసి చూశారు. తర్వాతి గోధుమ దిగుబడి తగ్గింది. పలు రకాలు కలిపి వేసినా ఒక్క రకం కన్నా నీటి వాడకం తగ్గలేదు. ఈ ఫలితం నిజమని నమ్ముతాను, అయినా మన వేసవి విత్తనాన్ని అది కొట్టిపారేయదు. అక్కడ బీడు పెట్టేది తర్వాతి పైరు కోసం నేల లోతుల్లో నీరు నిల్వ చేయడానికి. ఆ నిల్వనే కప్పు పంట తాగేసింది. రాయలసీమ ఎర్ర నేలల లోతు తక్కువ, వేసవి వాన వాటిలో వానాకాలం దాకా నిలవదు. ఇక్కడ పోయే నీటికే పచ్చదనం పెంచుతున్నాం. అదే నల్లరేగడిలో, వానాకాలం నీటిని దాచి రబీ శనగ వేసే కర్నూలు వైపు, ఆక్రన్ హెచ్చరిక సూటిగా తగులుతుంది. అక్కడ వానాకాలం చివరిదాకా కప్పు పంటను పొలంలో ఉంచడం నష్టమే. గాలిలోని తేమతోనే ఈ పైర్లు పెరుగుతాయన్న మాటను నేను ఒప్పుకోలేను. మంచు కొంత ఆసరా ఇవ్వవచ్చు, ఆకుల నుంచి రోజూ పోయే నీటిని మాత్రం పూడ్చలేదు. అలాంటి హామీని నమ్మి విత్తిన రైతు ఒక్క ఎండు వేసవికే ఈ పద్ధతిని వదిలేస్తాడు.

విత్తన ఖర్చు మాటకు జవాబు సులువు. ఇంట్లోని, ఊళ్లోని గింజలతోనే చాలావరకు సరిపెట్టుకోవచ్చు. పశువుల సంగతి అలా కాదు. పంటలు ఎత్తాక మెట్ట పొలాలు గొర్రెలకు, ఆవులకు అందరి మేత బీళ్లు. చుట్టూ ఎండిన ఊళ్లో ఒక్క పచ్చని ఎకరం ఎన్నాళ్లు నిలుస్తుంది? పైరంతా మేస్తే నేలకు కప్పు మిగలదు. మేపడానికి అసలు వీల్లేదంటే గొర్రెల కాపరి బతుకు పోతుంది. కొంత మేతకు కోసుకుని మొదళ్లు, రాలిన ఆకు వదలడం ఒక దారి. కాపలా ఎవరు కాయాలి, మందను ఏ పొలంలోకి ఎప్పుడు తోలాలి అన్నవి ఒక్క రైతు తన గట్టు లోపల తేల్చుకోగలిగినవి కావు. రైతులు, కాపరులు వేసవికి ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సినవి.